వెనక్కి పోయేటప్పుడే వెలుగుతాను

నేను ఒక రివర్సు లైటును. మదనపల్లె టమాటా మండీకి తిరిగే పాత పికప్ బండికి వెనకవైపు, ఎర్ర దీపం పక్కన తెల్లగా ఉంటాను. ముందున్న హెడ్‌లైట్ల దర్జా నాకు లేదు. మనుషులకు ముందుకు పోవడమంటేనే ముచ్చట. నేను గుర్తొచ్చేది వెలగనప్పుడే.

ఫ్యాక్టరీలో నన్ను బిగించి, గేరుబాక్సు దాకా వైరు లాగారు. డ్రైవరు రివర్సు గేరు వేస్తే అక్కడి స్విచ్చి నొక్కుకుంటుంది, నేను వెలుగుతాను. అంతే నా ఉద్యోగం. మొదటి యజమాని కదిరిలో సిమెంటు వ్యాపారి, వెనక్కి చూసే అలవాటే లేని మనిషి. నన్ను దుమ్ములో ముంచి, చివరికి బండిని రెడ్డెమ్మకు అమ్మేశాడు.

రెడ్డెమ్మ బండి తనే తోలుతుంది. ఆమె చేతికొచ్చాకే నా విలువ నాకు తెలిసింది. మండీలో పెట్టెలు దించే చెంగల్రాయుడికి పుట్టుచెవుడు. "రానీ, రానీ" అని ఎందరు అరిచినా, హారను మోగినా అతనికి తెలియదు. నేను వెలిగితే మాత్రం పక్కకు తప్పుకుంటాడు.

అలాంటిది, ఒక ఆయుధపూజ తర్వాత నేను ఆరిపోయాను. ఎవరూ చూసుకోలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున చెంగల్రాయుడు వంగి పెట్టెలు సర్దుతుండగా బండి వెనక్కి వచ్చింది. తోటి హమాలీలు చొక్కా పట్టి లాగారు కాబట్టి బతికాడు. అతని చేతిలోని పెట్టె చక్రం కింద నుజ్జయింది. రెడ్డెమ్మ దిగి ఆ ఎర్రటి రసాన్నీ, వెలగని నన్నూ చూసింది.

"ఈ లైటు ఎలిగేదాంకా బండిని మండీలోకి తేను" అని, నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ ఇనాయతుల్లా షెడ్డుకు తోలింది.

ఆయన పనితనం చూడాల్సిందే. బల్బు తీసి చూశాడు, బాగుంది. కిందికి దూరి, స్విచ్చికొచ్చే రెండు వైర్లనూ విడదీసి, స్విచ్చితో పనిలేకుండా ఒకదానికొకటి ఆనించాడు. నేను వెలగలేదు.

"స్విచ్చి మింద నింద యేసేదానికి లేదక్కా. వైరే యాడో తెగింది."

ఇంకొకరైతే కొత్త వైరు పైపైన లాగి పంపేవారు. ఆయన నాడి చూసే వైద్యుడిలా ఆ వైరునే వేళ్లతో తడుముతూ వచ్చి, నాకు జానెడు దూరంలో ఆగాడు.

"పూజకు ఈడ అరటిపిలకలు కట్టిందెవురక్కా?"

"నేనే బాయ్. గట్టిగా నిలబడాలని బైండింగు తీగతో బిగించినా."

"అవి బాగనే నిలబడినాయి. నీ తీగ మాత్రం వైరును కోసేసింది, చూడు."

ఎండిన పిలకల్ని పీకి పారేశారు గానీ తీగను మరిచారు. గతుకుల రోడ్డులో అది వైరును కొరుక్కుతింది. నాకు పూజ చేసి, నన్నే గుడ్డిదాన్ని చేశారు! నాకు నవ్వొచ్చింది. రెడ్డెమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంది.

ఆయన తెగిన కొసల్ని శుభ్రం చేసి, కలిపి, సోల్డరింగు పెట్టి, గొట్టం తొడిగాడు. గేరు పడింది. నేను వెలిగాను.

మండీలో చెంగల్రాయుడు నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. బండి ఆగాక వచ్చి, తలగుడ్డ విప్పి నా అద్దం తుడిచాడు. ఆ మనిషంటే నాకు ప్రాణం.

బండికి వయసు మీదపడింది, రేపోమాపో తుక్కుకే. అయినా ఇప్పుడు ఆయుధపూజకు పిలకలు కట్టేది చెంగల్రాయుడే, అదీ అరటినారతోనే. కట్టాక బండి వెనక్కి వచ్చి నిలబడి రెడ్డెమ్మకు చెయ్యి ఊపుతాడు. ఆమె రివర్సు గేరు వేస్తుంది. నేను వెలిగానని అతను తలూపాకే గుమ్మడికాయ కొడతారు.