మూత మీది సింహం

దొంగలు నాకు చేసిన నష్టం కన్నా, శుభ్రత మీద మోజున్నవాళ్లు చేసిందే ఎక్కువ. ఇరవై ఆరేండ్ల లెక్క చూసే చెప్తున్న.

సంగారెడ్డిలో పాత వెండి దుకాణం నాది. పోయిన సోమవారం బీరంగూడ నుంచి నాగరత్నమ్మ, ఆమె భర్త బాపిరాజు ఒక వెండి కూజా తెచ్చిన్రు. ఆమె తాత కాకినాడ రేవులో గుమస్తాగా ఉన్నప్పుడు ఎవరో దొర ఇచ్చిపోయిండట. భూతద్దం పెట్టి అడుగు చూసిన. నడుస్తున్న సింహం, లంగరు, ఏ ఏడాదిదో చెప్పే ఒక అక్షరం. పక్కన చేసినవాడి ముద్ర, మకిలి కింద సగమే కనబడుతున్నది. సింహం ఉంటే ఇంగ్లండు వెండి, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష అయినట్టు. చేసినవాడు ఎవరో తెలిస్తే తూకానికి నాలుగింతలు పలుకుతది. నాగరత్నమ్మ మగ్గం వర్క్ దుకాణం పెట్టుకోవాలని చూస్తున్నది. ఆమెకున్న పెట్టుబడి ఈ కూజానే.

"శుక్రవారానికి ముద్రల పుస్తకం తెప్పిస్త. అందాక కడగొద్దు. చింతపండు వద్దు, విబూది వద్దు" అని రెండుసార్లు చెప్పిన.

శుక్రవారం కూజా తళతళలాడుకుంట వచ్చింది. తిరగేసిన. అడుగున నా మొహం కనబడ్డది.

"ఏందమ్మా గిది?"

"నేను ముట్టుకోలేదండీ. ఈయన్నడగండి."

బాపిరాజు ముప్పై ఏండ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరు. "చింతపండు పెట్టలేదండీ. మెరుగు పెట్టే బఫింగ్ వీల్ పట్టానంతే. అడుగున నాలుగు గాట్లున్నాయి. గాట్లున్న సరుకు ఇన్‌స్పెక్షన్‌లో పాసవదు కదా, ముందు ఆకురాయి వేశా."

"సార్, ఆ గాట్లే సరుకు. మిగతాది తూకం."

ఆయన కూజా అడుగు మీద బొటనవేలు రాసి చూసిండు. "బొమ్మ గీసివ్వండి. ఉక్కు పంచ్‌లు చేసి ఆ ముద్రలు మళ్లీ కొట్టేస్తా. వెంట్రుకంత తేడా రాదు."

"దొంగ ముద్రలు కొట్టి, జైలుకు ఇద్దరం ఒకే ఆటోల పోదామా?"

నాగరత్నమ్మ నవ్వలేదు. కూజా అంచు మీద వేలు తిప్పుకుంట కూర్చున్నది. ఆ వేలి కిందనే, మూత కూర్చునే మెట్టు నా కంటబడ్డది.

"దీని మూత ఏదమ్మా?"

"దేవుడి గూట్లో ఉంది. అందులో పసుపు వేసుకుంటాను."

"సార్ ముట్టిండా?"

"మూడుసార్లు అడిగారు. నూనె చేతులతో గూటి దగ్గరికి రానిస్తానా?"

విడిగా వచ్చే మూతల మీద కూడా ఇంగ్లండు పనివాళ్లు ముద్ర కొట్టేటోళ్లు. ఆమె బస్సెక్కి పోయి తెచ్చేసరికి రెండు గంటలైంది. అంతసేపు బాపిరాజును నా త్రాసు బాగుచేయనియ్యకుండ కాపలా కాసిన.

మూతను నీళ్లలో నానబెట్టి, ఎండిన పసుపు దూదితో తీసిన. సింహం ఉన్నది. పక్కన చేసినవాడి రెండు అక్షరాలు, నిండుగా. పుస్తకంలో పేరు దొరికింది.

"అడుగు ముద్రలు పోయినయి కాబట్టి నాలుగింతలు రావు, రెండింతలే" అన్న. "దుకాణం అడ్వాన్సుకు సరిపోతది. మగ్గాలకు రాదు."

"మగ్గాలు నేను చేస్తాలెండి" అన్నడు బాపిరాజు. తర్వాత మూత దిక్కు వంగిండు. "అంచున చిన్న సొట్ట ఉన్నట్టుందండీ. ఇలా ఇవ్వండోసారి."

"అన్నయ్యగారూ, లోపల పెట్టి తాళం వేసెయ్యండి" అన్నది నాగరత్నమ్మ.

వేసిన.