కుడి జడలో తాయెత్తు

హఫ్సా గడ్డం ఏడాదిగా ఎడమకి జరుగుతోంది. మొదట్లో తల్లి జులేఖా అది పిల్ల వెక్కిరింపనుకుంది. "మూతి సరిగ్గా పెట్టవే" అని ఒకటి వేసింది కూడా. ఇప్పుడా దెబ్బ తలుచుకుని పిల్ల దవడ నిమురుతోంది.

"కుడి దవడ పెరిగిపోతోందమ్మా. లోపల గడ్డేమో, ఎముకే పెరుగుతోందో, ఏలూరులో కంప్యూటరు కొలతలు తీయిస్తేగాని చెప్పలేను" అన్నాడు తాడేపల్లిగూడెం పళ్ళ డాక్టరు. గడ్డ అన్న మాట చేపముల్లులా ఆమె గొంతులో దిగబడిపోయింది. ఏలూరు బస్సు గుండుగొలను దాటినా పిల్ల మొహం మీంచి చూపు తిప్పలేదు.

ఏలూరు ఆసుపత్రిలో స్కానింగ్ చేసే అమ్మాయి కెజియా. "మెడలోనూ చెవులకీ ఏమున్నా తీసెయ్యండమ్మా. లోహం ఉండకూడదు."

పోగులు తీసింది జులేఖా. తాయెత్తు దగ్గర చెయ్యి ఆగింది. పురుడు వెళ్ళగానే అత్తగారు దర్గాలో కట్టించిన రాగి తాయెత్తు. జ్వరాల్లో తీయలేదు, తలంట్లలో తీయలేదు. గడ్డ ఉందో లేదో తేలే ఘడియలో తీస్తారా ఎవరైనా? కెజియా అటు తిరగ్గానే దాన్ని విప్పి, మడిచి రిబ్బను కట్టిన కుడి జడలో, చెవి వెనక దోపేసింది.

"అమ్మా, గుచ్చుకుంటోంది."

"కదలకు. నోర్మూసుకో."

మిషను పిల్ల తల చుట్టూ తిరిగింది. కాసేపటికి డాక్టరమ్మ లోపలికి పిలిచింది. తెర మీద పుర్రె.

"ఎవరిదండీ ఇది?"

"మీ అమ్మాయిదేనమ్మా."

జులేఖా హఫ్సాని దగ్గరికి లాక్కుంది. తెర మీద కళ్ళులేని మొహం మెల్లగా ఇటు తిరిగింది. కుడి దవడ కీలు మీద తెల్లటి చారలు, మెరుపు కొట్టినట్టు. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"గడ్డేనాండీ?"

"అసలు కొలవాల్సింది ఇక్కడే. ఇక్కడే ఏమీ కనపడ్డంలేదు. కెజియా, ఏంటిది?"

హఫ్సా మెల్లగా జడ ముట్టుకుంది. "తాయెత్తండీ. అమ్మ పెట్టింది."

"ఇందాక నేను చెప్పింది మీకా అండీ, ఆ గోడకా?" అంది కెజియా. "పిల్లకి మళ్ళీ ఎక్స్‌రే పెట్టాలిప్పుడు!"

కాపాడుతుందనుకున్నదే పిల్లకి రెండో ఎక్స్‌రే తెచ్చిపెట్టింది.

"పోనీలే. మీ చేత్తో పట్టుకోండమ్మా, తర్వాత కడుదురుగాని" అంది డాక్టరమ్మ.

తాయెత్తు తల్లి గుప్పిట్లో, పిల్ల ఒంటరిగా మిషనులో.

ఈసారి చారలు లేవు. కంప్యూటరు ఎడమ దవడని తిప్పి కుడిదాని మీద పెట్టింది. తేడా ఉన్నచోటల్లా ఎర్రబడింది.

"నెత్తురా అండీ అది?"

"కాదమ్మా, ఎముక ఎక్కువున్నచోట ఆ రంగు వేస్తుంది. గడ్డలాంటిదేమీ లేదు." జులేఖా ఊపిరి వదలబోయింది. "కానీ ఇంకా పెరుగుతోందో, ఆగిపోయిందో ఒక్క కొలతతో తెలీదు. ఆర్నెల్లకి మళ్ళీ తీసి దీంతో పోల్చాలి. పెరుగుతుంటే ఆపరేషనే."

బస్టాండులో హఫ్సా మెడ చాపింది. జులేఖా గుప్పిట విప్పింది. అరచేతిలో రాగి అచ్చు దిగింది. కట్టబోతూ తాయెత్తు నల్లదారాన్ని పిల్ల కుడి చెవి నుంచి గడ్డం దాకా ఆనించి, దారం మీద ఆ చోటు గోటితో నొక్కి పట్టింది. ఎడమవైపు కూడా పెట్టి ఎంత తేడా ఉందో చూద్దామనుకుంది.

పెట్టలేకపోయింది.

"కట్టమ్మా, బస్సొచ్చేస్తోంది" అంది హఫ్సా.