కెలాగ్వెన్‌లో పోపు

ఆగండాగండి, ఎక్కడికీ వెళ్ళకండి, ముందు నేను చెప్పేది వినండి. పసిఫిక్ సముద్రంలో గువాం అనే దీవి ఉంది. అక్కడి మూలవాసులైన చమోరోల గురించి మా రాయ్‌పూర్ మొత్తంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. కావాలంటే పందెం! వాళ్ళు వల ఎలా విసురుతారో, ఫియస్టా అనే ఊరి పండగకి టెంట్లు ఎలా వేస్తారో, తిన్నవాళ్ళకి ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ ఎంత తిండి కట్టిస్తారో అన్నీ నాకు తెలుసు. నేర్పింది టాన్ డోలోరెస్. అక్కడ పెద్దావిడ పేరుకి ముందు గౌరవంగా 'టాన్' అని పెడతారు. ఆవిడ తన వంటింట్లోంచి ప్రతి ఆదివారం లైవ్ పెడుతుంది, నేను ఒక్కటి కూడా వదల్లేదు.

ఏటా ఫియస్టా రోజున ఆవిడ దూరదేశపు ప్రేక్షకుల్లోంచి ఒకరిని ఎంచుకుని, పెద్ద తెర మీద ఊరందరి ముందూ వండిస్తుంది. ఈసారి చివరికి మిగిలింది ఇద్దరం, బ్రెజిల్ నుంచి ఒకాయన, రైల్వే కాలనీ నుంచి నేను. మొన్న ఆదివారం నా పరీక్ష. లైవ్‌లో కెలాగ్వెన్ చేసి చూపించాలి. నచ్చితే ఫియస్టా నాది. నాకు అది కావాలి, ఇంకేమీ వద్దు.

కెలాగ్వెన్ అంటే ఏం లేదు. బొగ్గుల మీద కాల్చిన కోడిని సన్నగా తరిగి, నిమ్మరసం, ఉల్లిపాయ, పచ్చికొబ్బరి కోరు, చిట్టి మిరపకాయలు, ఉప్పు వేసి కలిపెయ్యడమే. నియమం ఒక్కటే. నిమ్మరసం పడ్డాక మళ్ళీ పొయ్యెక్కకూడదు. ఎక్కిందంటే దాన్ని కెలాగ్వెన్ అనరు.

చర్చి నుంచి రాగానే పెరట్లో సిగ్డీ కుంపట్లో బొగ్గులు రాజేసి కోడిని కాల్చాను. నానమ్మ మరియమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుంది. ఎప్పుడో శ్రీకాకుళం నుంచి తాతయ్య రైల్వే ఉద్యోగంతో పాటు వచ్చిన మనిషి, ఆ యాస మాత్రం అక్కడే ఉంది.

"ఓలే గ్లోరీ, పొయ్యెక్కించకుండా ఈ కూర ఎలాగ తింతారే?"

"కోడి కాలింది కదా నానమ్మా! పక్కా ఉడికిపోయింది."

"మరి పోపేదీ?"

"పోపు ఉండదు."

"అయ్యో పాపం! ఆ దీవిలో ఆవాలు దొరకవేటి?"

లైటు సరిచేస్తున్న మా తమ్ముడు విజయ్ అందుకున్నాడు. "నువ్వే పార్సెల్ పెట్టు నానమ్మా. భన్‌పురి లారీల అడ్డాలో లారీ ఎక్కిద్దాం. సముద్రం వచ్చాక ఈదుకుంటూ పోద్దిలే."

గిన్నె వంటింట్లో పెట్టి చీర మార్చుకోడానికి వెళ్ళాను. కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే చిటపటమని చప్పుడు, వెనకే ఘుమఘుమ. పరిగెత్తాను. నా కెలాగ్వెన్ మొత్తం మూకుట్లో ఉంది!

"నానమ్మా! ఏం చేశావ్?"

"అరవకే. ఆవాలు, ఎల్లుల్లి, కరేపాకు ఏసి ఒక్క తిప్పు తిప్పినాను. ఇప్పుడు సూడు, కూరలాగుంది. పరాయోళ్ళకి పోపు లేకుండా పెడితే మన పరువేటౌతాది?"

"అక్కా, లైవ్ కలిసిపోయింది, జల్దీ రా!" అని విజయ్ కేక.

ఇంకో కోడి లేదు, టైమూ లేదు. ఉన్నదాన్నే గిన్నెలోకి తోడుకుని ఫోను ముందు నిలబడ్డాను. టాన్ డోలోరెస్ "హాఫా అదై!" అని పలకరించింది. నేనూ అదే పలకరింపు తిరిగి చెప్పాను. అక్కడ ఎంతమంది చూస్తున్నారో అని ఓసారి కొంగు సర్దుకున్నాను. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

"గిన్నె దగ్గరికి పెట్టమ్మా. ఆ నల్లవేంటి?"

మిరియాలు అనేస్తే సరిపోయేది. ఫోనులోంచి ఎవరూ రుచి చూడలేరు. నానమ్మ పాడు చేసిందని చెప్పినా నా తప్పు లేదు. కానీ నానమ్మ నా వెనకే గరిటె పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నిలబడి ఉంది.

"ఆవాలు, టాన్. నేను చేసింది కెలాగ్వెనే. తర్వాత మా వంటింట్లో దానికి పోపు పడింది. ఇప్పుడది కెలాగ్వెన్ కాదు."

"పోపు ఎవరు పెట్టారు?"

"మా వంటిల్లే పెట్టింది."

ఆవిడ కళ్ళద్దాలు పైకి జరుపుకుని తేరిపార చూసింది. "ఆ గరిటె పట్టుకున్నావిడ ఎవరు?"

"మా నానమ్మ."

"మీ నానమ్మ పక్కనే ఉంటే, ఆవిడకి మంగింగీ చెయ్యకుండా నాకు గిన్నె చూపిస్తున్నావా?"

మంగింగీ అంటే పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని, వంగి, ముక్కుకి ఆనించుకుని మెల్లగా వాసన పీల్చడం. అది అక్కడి నమస్కారం. దాని మీద కాలేజీలో సెమినార్ కూడా ఇచ్చాను! వెంటనే వంగి నానమ్మ చెయ్యి ముక్కుకి ఆనించుకున్నాను.

నానమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏటే ఆ వాసన సూడ్డం? కడుక్కున్నానే! ఎల్లుల్లి అంత తొందరగా పోద్దేటి?"

విజయ్ నవ్వుకి ఫోను ఊగిపోయింది. నేను ఆ మాటని ఇంగ్లీషులో చెప్పేసరికి టాన్ డోలోరెస్ బల్ల మీద చరిచి చరిచి నవ్వి, కొంగు లేక గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఫియస్టా నీదే," అంది చివరికి. "ఉన్నదున్నట్టు ఒప్పుకున్నావు, నానమ్మ మీదకి మాత్రం నెట్టలేదు. ఆవిడని కూడా పక్కన నిలబెట్టు. కానీ ఆ రోజు గిన్నె పొయ్యెక్కిందంటే మా ఊరు నన్ను బతకనివ్వదు, ముందే చెప్తున్నా!"

గెలిచాను! చెప్పానుగా, నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని.

కాకపోతే నానమ్మకి అర్థమైంది వేరు. "సూశావా, పోపు సూసి ఆవిడెలా మురిసిపోయిందో!" అని చర్చిలో అందరికీ చెప్పేసింది. గువాం వాళ్ళు తననే వండమన్నారట. పండరీ బట్టల బజారుకి వెళ్ళి కొత్త చీర కొనుక్కుంది, కొత్త ఆవాలు ఎండబెట్టింది. ఫియస్టా వచ్చే శనివారమే. నేను ఎలాగో నెగ్గుకొస్తాను, అనుమానం లేదు. అయినా అడుగుతున్నాను. పొయ్యి వెలిగించి, కొత్త చీరలో ఆవిడ మూకుడు అందుకునే వేళకి, నా చోట్లో ఉంటే మీరేం చేస్తారు?