అరచేతి రుచి

ముల్లు మళ్ళీ అక్కడే ఆగింది.

వంటవాడు కాటా మీంచి దిగాడు. జేబులో తాళాలు, చేతి గడియారం, నడుముకున్న బెల్టు తీసి బల్ల మీద పెట్టి మళ్ళీ ఎక్కాడు. ముల్లుకి జాలీ దయా ఉంటే కదా. ఆసుపత్రిలో తిండి లెక్కలు చూసే డైటీషియనమ్మాయి, "ఎన్నిసార్లు ఎక్కినా అంతేనండీ" అంది. వెటకారంగా అనలేదు, విసుక్కోనూ లేదు. అందుకే అతనికి ఇంకా ఒళ్ళు మండింది. తిట్టేవాళ్ళని తిరిగి తిట్టొచ్చు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళని ఏం చేస్తాం?

అతను ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. అక్కడ అందరూ అతన్ని గంగాళం అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవారు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు. పిలిస్తే పలికేవాడు. లావుపాటివాడికి వేరే దారేముంది? కోప్పడితే కోపంలో పొట్ట ఎలా ఊగిందో చెప్పుకుని ఇంకో వారం నవ్వుతారు.

సన్నబడి ఊరేగాలన్న సరదా అతనికి ఏనాడూ లేదు. చెల్లెలి కిడ్నీలు రెండూ పాడైపోయాయి, అదీ సంగతి. చొక్కాలకి కాజాలు కుట్టే పని ఆమెది. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేది. జబ్బు ముదిరాక అన్న ఇంటికి వచ్చి, ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద ఉంటోంది. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి, మిషను పక్కన పడుకుని, రక్తం కడిగించుకుని వస్తుంది. అన్న కిడ్నీ పరీక్ష చేస్తే తాళానికి తాళంచెవిలా సరిపోయింది. సరిపోయిందని ఇంట్లో పండగ చేసుకునేలోపే పెద్ద డాక్టరు ఆ సంబరం మీద నీళ్ళు చల్లాడు. ఈ ఒంటితో ఆపరేషను బల్ల ఎక్కిస్తే ఆమెని బతికించబోయి మిమ్మల్ని పోగొట్టుకుంటాం, బరువు ఇంతకి దిగి రండి, అప్పుడు చూద్దాం అన్నాడు.

దిగడం ఏమన్నా మెట్లు దిగడమా? నడిచాడు, మోకాళ్ళు వాచాయి. పస్తులున్నాడు, పొయ్యి ముందు కళ్ళు తిరిగి పడ్డాడు. చివరికి పొట్టకి పట్టీ వేయించుకున్నాడు. జీర్ణాశయం పైభాగానికి ఉంగరంలా ఒక పట్టీ బిగిస్తారు. దాంతో పైన చిన్న సంచీ అంత చోటే మిగులుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. చర్మం కింద ఒక బిళ్ళ పెట్టి, కావాలనుకున్నప్పుడు దాంట్లోకి సూదితో నీళ్ళు ఎక్కించి పట్టీని ఇంకా బిగిస్తారు. అమ్మ పోయాక, కడుపు కట్టుకుని చెల్లెల్ని పెంచినవాడు, ఈ వయసులో నిజంగానే కట్టించుకున్నాడు.

మొదటి నెలలు అద్భుతంగా గడిచాయి. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. గంగాళం తపేలా అయిందనీ, ఇలాగే పోతే గరిటె అవుతాడనీ క్యాంటీన్‌లో జోకులు పేలాయి. ఆ ఒక్క జోకుకి అతను కూడా నవ్వాడు. చెల్లెలు మంచం మీదే కూర్చుని అతని చొక్కాలు పక్క కుట్లు విప్పి లోపలికి తీసి కుట్టేది. ఒక చొక్కా అయితే మూడుసార్లు తీసింది. "ఇక గుడ్డ లేదు అన్నయ్యా, ఆగు" అనేది.

ఆగాడు. అదే అతని ఖర్మ.

ముల్లు ఒకచోట నిలబడి, మొండి ఎద్దులా కదలనంది. అందరికీ ఒక దశలో ఇలా ఆగుతుంది, కంగారు పడకండి అన్నాడు పట్టీ వేసిన డాక్టరు. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. సూదితో నీళ్ళెక్కించి బిగించారు. మెతుకు గొంతు దిగితే ఒట్టు, తిన్నది తిన్నట్టు కక్కుకున్నాడు. అయినా ముల్లు కదల్లేదు. డైటీషియనమ్మాయి మాత్రం ఒకటే పాట పాడింది. గట్టివి ఆగుతాయి గానీ పల్చనివి పట్టీని తప్పించుకుని జారిపోతాయి, నోట్లోకి పోయే ప్రతి చుక్కా చెప్పండి అంది. అతను దేవుడి మీద ఒట్టు వేసి చెప్పాడు: పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత. అబద్ధం లేదు. కానీ ఒట్టు వేసిన లావుపాటివాడి మొహం చూసి ఎవరు నమ్ముతారు?

భార్య కూడా నమ్మలేదు. ఇంటికి రాగానే చొక్కా జేబులు తడిమేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గరికొచ్చి నోటి వాసన చూసేది. ఒకరోజు అతనే నోరు తెరిచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ఏడ్చింది. ఆ తర్వాత జేబులు తడమడం మానేసింది. నమ్మడం మాత్రం మొదలుపెట్టలేదు.

చెల్లెలు ఒక్కతే ఏమీ అనేది కాదు. సూదీ దారం కిటికీ గూట్లో పెట్టేసి, రోడ్డు చూస్తూ కూర్చునేది. తనని ఒక్క మాట అననిది ఇదొక్కతే అని అతను మురిసిపోయాడు.

ఇక లాభం లేదు, పొట్ట కోసి సగం పైగా తీసేద్దాం అన్నాడు పట్టీ వేసిన డాక్టరు. ఈ బరువుకి మీ గుండె మీద భారం పడుతోంది కాబట్టి ప్రమాదం ఉంది, ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నాడు. అతను మాట్లాడుకోవడానికి ఏమీ లేదనుకున్నాడు. సాయంత్రం చెల్లెలి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, సంతకం పెట్టేసి వస్తానని చెప్పాడు.

చెల్లెలు చాలాసేపు దుప్పటి అంచు మడతలు పెట్టింది, విప్పింది.

"అన్నయ్యా, వండేటప్పుడు అరచేతిలో పోసుకుంటావు కదా. అది ఎవరు తింటున్నారు?"

అతనికి అర్థం కాలేదు. ప్రతి వంటవాడికీ ఒక అలవాటు ఉంటుంది. కొందరు స్పూనుతో చూస్తారు, కొందరు వాసన పట్టి చెప్తారు. అతనికి అరచెయ్యి. గరిటెతో తీసి ఎడమ అరచేతిలో పోసుకుని, ఊది, నాకుతాడు. ఉప్పు వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి, దించే ముందు ఇంకోసారి. సూపుకీ అంతే, కూరకీ అంతే, పాలల్లో పంచదారకీ అంతే. పొయ్యిల మీద ఎన్ని గిన్నెలుంటే అన్నిటికీ అంతే. పొద్దున పొయ్యి వెలిగించింది మొదలు గిన్నెలు దించేదాకా ఆ చెయ్యి నోటి దగ్గరే ఉంటుంది.

"అది రుచి చూడటమే పిచ్చిదానా. తినడం ఎలా అవుతుంది?" అన్నాడు.

అనేశాక ఆ మాట అతనికే వినపడింది. నూనె తేలే పులుసులూ, వెన్న వేసిన సూపులూ, పంచదార పాలూ. పట్టీని తప్పించుకుని జారిపోయేవన్నీ అవే. నోట్లోకి పోయే ప్రతి చుక్కా అని ఆ డైటీషియనమ్మాయి మొత్తుకుంటూనే ఉంది. తనేమో కంచంలోకి వచ్చిందే తిండి అనుకున్నాడు. వంటవాడు రుచి చూసింది తిండి కింద జమ కట్టడు. ఏ వంటవాడూ కట్టడు.

"నీకు ఇప్పుడు తట్టిందా?" అని అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ముల్లు ఆగిన మొదటి నెలలోనే తెలుసు. చిన్నప్పుడు నీ అరచెయ్యి నాకుతూనే కదా పెరిగాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే తగ్గుతావు. తగ్గితే నిన్ను కోస్తారు. నీకేమన్నా అయితే వదిన మొహం నేనెలా చూడను? ఇప్పుడు ఇంకా పెద్ద కోత అంటున్నావు కాబట్టి చెప్తున్నాను. అది వద్దు అన్నయ్యా."

అతను లేచి వీధిలోకి వెళ్ళి, ఎవరి గోడకో ఆనుకుని నిలబడ్డాడు.

మర్నాటి నుంచి ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుని వండాడు. చెయ్యి మాట వింటేనా? గరిటె వంచేది, అరచెయ్యి పైకి లేచేది, గుడ్డకి తగిలి ఆగేది. మధ్యాహ్నానికి ఆ గుడ్డ నిండా పసుపూ నూనె మరకలు. రుచి చూడమని రెండో వంటవాడికి చెప్తే, ఎప్పుడూ బుగ్గన పొగాకు పెట్టుకునే ఆ మనిషికి ఉప్పూ ఒకటే, ఉమ్మీ ఒకటే. వారం తిరక్కుండా కార్మికులు కంచాలు బల్లలకేసి కొట్టారు. సన్నబడ్డాక గంగాళానికి తుప్పు పట్టిందన్నారు. మేనేజరు అతన్ని పొయ్యి దగ్గర నుంచి తీసి కూరగాయలు తరిగే చోట కూర్చోబెట్టాడు. ఎన్నో ఏళ్ళు గరిటె పట్టిన చెయ్యి ఉల్లిపాయలు తరిగింది. పోనీలే, కళ్ళు ఎందుకు తడిగా ఉన్నాయని అక్కడ ఎవరూ అడగరు.

ముల్లు కదిలింది.

మొదట సిగ్గుపడుతున్నట్టు కొంచెం, తర్వాత ధైర్యం వచ్చినట్టు ఇంకొంచెం. చొక్కాలు మళ్ళీ వదులయ్యాయి. "ఇలా తే అన్నయ్యా" అని చెల్లెలు సూది అందుకుంది గానీ, దారం బెజ్జంలోకి ఎక్కలేదు. రేపు కుడతానంది. ఆ రేపు రాలేదు. చొక్కా ఆమె తలగడ పక్కనే ఉండిపోయింది.

డాక్టరు చెప్పిన బరువుకి దిగిన రోజున డైటీషియనమ్మాయి కుర్చీలోంచి లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. అతను ఆ చేత్తోనే పెద్ద డాక్టరు గది తలుపు తోశాడు. అప్పటికి చెల్లెలు నాలుగు రోజులుగా జ్వరంతో, ఆయాసంతో ఆ ఆసుపత్రిలోనే ఉంది. పరీక్షల కాగితాలు ఆయన ముందే ఉన్నాయి. మిషను గొట్టం పెట్టిన చోట చీము పట్టి, అది రక్తంలో కలిసి గుండెకి చేరిందన్నాడు. కిడ్నీ పెట్టే ఆపరేషనుకి ఇక ఆ గుండె తట్టుకోదన్నాడు. ముల్లు కదలని ఆ చలికాలంలోనే బరువు దిగి ఉంటే చేసేవాళ్ళమని కూడా అన్నాడు. చదువుకున్నవాడు, ఆ ఒక్క ముక్కా మింగేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? చివర్లో, పథ్యం అంటూ గట్టిగా పట్టకండి, ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు.

ఆ మాటకి అర్థం తెలియనివాళ్ళు ఎవరుంటారు?

ఇంటికి తీసుకొచ్చాక, డాక్టరు ఏమన్నాడని చెల్లెలు అడగలేదు. ఏం తింటావని అతనే అడిగాడు. కిడ్నీ పథ్యంలో ఆమె ఉప్పు మొహం చూసి ఎన్నాళ్ళయిందో. "గంజి" అంది. "ఉప్పేసి."

అమ్మ పోయిన ఏడాది అతను మొట్టమొదట వండింది గంజే. అతనికి అప్పుడు వచ్చిన వంట అదొక్కటే.

ఎసరు పెట్టాడు. భార్య సాయం వస్తానంటే వద్దన్నాడు. బియ్యం మెత్తగా ఉడికి, గంజి చిక్కబడ్డాక ఉప్పు వేశాడు. కలుపుతూ కలుపుతూ వేశానో లేదో అనుకుని మళ్ళీ వేశాడు. అలవాటుగా అరచేతిలో పోసుకుని, ఊది, నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. ఆ చెయ్యి అలాగే గిన్నెలా పట్టుకుని ముందుగదిలోకి నడిచాడు.

చెల్లెలు అతని మణికట్టు రెండు చేతులా పట్టుకుంది. చిన్నప్పటిలాగే తల వంచి నాకింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది అన్నయ్యా. గిన్నెలో పోసి తే."

వంటింట్లోకి తిరిగి వచ్చి చూసుకుంటే వేళ్ళ సందున ఇంకా కొంచెం మిగిలి ఉంది. నాకాడు. ఉప్పు కషాయం. పశువు కూడా ముట్టదు దాన్ని.

ఆ గంజంతా తూములో పారబోసి, గిన్నె తోమి, మళ్ళీ ఎసరు పెట్టాడు. ఈసారి ఉప్పు చిటికెడు వేసి రుచి చూశాడు. ఇంకో చిటికెడు వేసి చూశాడు. దించే ముందు చూశాడు, దించాక చూశాడు. ఎన్నిసార్లు చూసినా ఇక అడిగే ముల్లు లేదు.

చెల్లెల్ని తలగడకి ఆనించి కూర్చోబెట్టి స్పూనుతో తాగించాడు. కొంచెమే తాగింది. తాగుతూ తాగుతూ అతని మొహంలోకి చూసింది.

"రుచి చూశావు కదూ?"

"లేదమ్మా" అన్నాడు.

ఆమె చెయ్యి కష్టం మీద పైకెత్తి, అతని మీసానికి అంటుకున్న మెతుకుని బొటనవేలితో తుడిచింది.