చచ్చినట్టు రాసిన కోళ్లు

బాన్సువాడ శివారులో మా కోళ్ల షెడ్డు ఉంది. షెడ్డు మాది, దాని అప్పు మాది, కరెంటు బిల్లు మాది, రెట్ట కంపు మాది. కోళ్లు మాత్రం కంపెనీవి. కోడిపిల్లలనూ దాణానూ వాళ్లే పంపుతారు, మేం పెంచి ఇస్తే కిలోకు ఇంతని కూలి ఇస్తారు. చచ్చిన కోళ్లు హద్దు దాటితే ఆ కూలిలో కోత. ఇన్ని కోళ్ల మధ్య కాపురం చేస్తూ, కోటగిరి నుంచి మా అక్క వస్తే బజారుకు పోయి కిలో కోడికూర కొనుక్కొచ్చుకునే బతుకు మాది.

సాజిద్‌కు ఆ బాధ లేదు. అతను కంపెనీ సూపర్‌వైజర్. వచ్చిన ప్రతిసారీ ముక్కుకు రుమాలు కట్టుకుని షెడ్డంతా తిరిగి, బాగా బలిసిన రెండింటిని చూపిస్తాడు. నా భర్త ముష్తాక్ వాటిని పట్టి, బిస్మిల్లా చెప్పి కోస్తాడు. సాజిద్ వాటిని చచ్చిన కోళ్ల లెక్కలో రాసేస్తాడు. అతని ఇంటి కూరకు మా కూలి తెగుతుంది. చూసినప్పుడల్లా నాకు అసహ్యం వేసేది.

ఈసారి ఎండలకు నిజంగానే చాలా చచ్చాయి. ఇంకొక్కటి లెక్కలోకి ఎక్కినా కోత పడుతుంది, షెడ్డు కిస్తీ కట్టలేం. తెల్లారితే కోళ్లు ఎత్తడానికి లారీ వస్తుందనగా సాజిద్ దిగాడు.

"ముష్తాక్ భాయ్, గా మూలకున్న రెండు పట్టు. ఇంటికి చుట్టాలొస్తుండ్రు" అన్నాడు.

ముష్తాక్ కత్తి అందుకున్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"వీటిని ఏమని రాస్తరు సాజిద్ భాయ్?"

"ఏముంది భాభీ, ఎప్పటి లెక్కనే. చచ్చినయని రాస్త."

"చచ్చినదాన్ని తింటే హరామ్ గదా. మీ పిల్లలకు ఎట్ల పెడ్తరు?"

అతని మొహం మాడిపోయింది. ముష్తాక్ వైపు తిరిగి, "వచ్చే బ్యాచ్ పిల్లలు కావాల్నా, వద్దా?" అని మెల్లగా అడిగాడు.

షెడ్డు ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగదు. ముష్తాక్ నన్ను పక్కకు జరిపి, కోళ్లను కాళ్లు పట్టి తెచ్చాడు. బిస్మిల్లాకు పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు.

సాజిద్ మీద అసహ్యం నాకు పాతదే. ఆ పూట ముష్తాక్ మీద కూడా వేసింది. అతని చేతి నీళ్లు తాగబుద్ధి కాలేదు. అయినా తోలు తీసింది నేనే, ముక్కలు కొట్టి కవరు ముడి వేసింది నేనే.

సాజిద్ కవరు అందుకుని, "కార్జాలు పెట్టినవా భాభీ?" అన్నాడు.

పెట్టానని చెప్పాను.