మూగకట్టె

కట్టెకు నోరుంటుందని మా బావ సదయ్య చెప్పేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లు వింటే నవ్వేవారు. ఆయన నవ్వనిచ్చేవాడు. నెల తిరక్కముందే ఆ నవ్వినవాళ్లే భూమి కింద నిలబడి, పైబండ బరువుకు కట్టె చిటపటమనడం విని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తి వచ్చేవారు. "నిజమేనే సదయ్యన్నా, కట్టె మాట్లాడుతది" అనేవారు.

బావ గోదావరిఖనిలో ఒక గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కట్టెలు నిలబెట్టడం ఆయన పని. నా పేరు ఎల్లేశం. ఆయన భార్య కనకవ్వకు తమ్ముణ్ని. ఊళ్లో పశువుల వెంట తిరిగే నన్ను తెచ్చి గనిలో పెట్టింది ఆయనే. నేనూ ఆగయ్యా జోడీ. తట్టలతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బు నింపేవాళ్లం.

కట్టెను ఎంచుకోవడంలో బావ దారి వేరు. ఎవరైనా అన్నిటికన్నా గట్టిది తెమ్మంటారు. ఆయన వద్దనేవాడు.

"గట్టిదాని సంగతి నీకెరుకలేదు. ఆఖరు దాక మొండిగ నిలబడ్తది, ఒక్కపారే ఫట్‌మంటది. బూరుగసొంటి మెత్తదేమో సప్పుడు లేకుండ కుంగుతది. పచ్చికట్టె వంగుతది గాని ఏడ్వది. మనకు ఏడ్చే కట్టె గావాలె. ఇరుగుతన్నని చెప్పి ఇరగాలె."

అందుకని బాగా ఆరిన టేకే ఏరేవాడు. పోగులు నిటారుగా ఉండాలి, కణుపులు ఉండకూడదు. బెరడు చెక్కి, ఒక కొసకు చెవి ఆనించి, రెండో కొసను గొడ్డలి మడమతో కొట్టి వినేవాడు. కంపెనీ ఇనుప కట్టెలు తెప్పించినప్పుడు మేమంతా వద్దని మొండికేసింది కూడా ఆయన మాట మీదే. "ఇనుము బలమైందే. గానీ దానికి నోరు లేదు" అన్నాడు. ఆ ఇనుప కట్టెలు డిపో పక్కన కుప్పగా పడి తుప్పు పట్టాయి. మేనేజరుకు కోపంగానే ఉండేది, కానీ సదయ్య నిలబెట్టిన కప్పు కింద అప్పటిదాకా ఒక్క మనిషికి గోరు ఊడలేదు. ఏమంటాడు?

డెబ్బై రెండులో వానాకాలం వెళ్లాక బావ కట్టెలను తిప్పికొట్టడం మొదలుపెట్టాడు. బంగారం లాంటి టేకు. చెవి ఆనించి కొట్టి చూసి, "గిది మూగకట్టె, తీసెయ్" అనేవాడు. పదింటిలో ఆరు పక్కన పడేవి. కట్టెల డిపో చూసే అలీముద్దీన్ నెత్తి కొట్టుకున్నాడు.

"అరే సదయ్యా, గదే అడివి, గదే టేకు. పోయినేడు మాట్లాడిన కట్టె గీ యేడు మూగదెట్లయితదివయ్యా? ఎంత జెప్పినా నీకు చెవిటోని ముందల శంఖం ఊదినట్టే ఉన్నది!"

డిపోలో ఉన్నవాళ్లందరం పగలబడి నవ్వాం. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడైతే మాకు అది గర్వంగా ఉండేది. మా ప్రాణాల మీద ఆయనకెంత పట్టింపో చూడండని పక్క గనివాళ్లతో చెప్పుకునేవాళ్లం.

దసరా వెళ్లిన ఆదివారం అక్క నన్ను అన్నానికి పిలిచింది. బావ వాకిట్లో మా వైపు వీపు పెట్టి కూర్చుని గొడ్డలి నూరుకుంటున్నాడు. అక్క నాకు పళ్లెం పెట్టి, కాగిన నూనెలో ఆవాలు వేసింది. అవి చిటపటలాడాయి, మాడాయి, పొగ లేచింది. ఆమె గిన్నె దించలేదు.

"మునుపు ఆవాల చిటపట జర ఎక్కువైతె మాడుతయని అక్కడికెల్లే ఒర్రుతుండె" అంది.

నాకు అర్థం కాలేదు. పొయ్యి దగ్గరున్న ఎండు కందికట్టెలు తీసుకుని వెళ్లి ఆయన వెనక నిలబడింది. ఒకటి విరిచింది. తర్వాత రెండు కలిపి విరిచింది. ఆ తర్వాత గుప్పెడు తీసుకుని పటపటా విరిచింది. బావ తల తిప్పలేదు. గొడ్డలి అంచును బొటనవేలితో చూసుకుంటున్నాడు.

అక్కడే నిలబడి అక్క మామూలు గొంతుతో, "ఏమయ్యా, బువ్వ తింటవా?" అంది.

"జరసేపు ఆగు" అన్నాడు వెంటనే.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పదిహేనేళ్లుగా బొగ్గు పేల్చే మందు శబ్దాలు ఆయన చెవుల్లోంచి ఆ సన్నటి చప్పుళ్లను మాత్రం ఏరుకుపోయాయి. మనిషి గొంతు వినబడుతోంది. కట్టె గొంతు వినబడటం లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకు కూడా. పాపం, కట్టెలే మూగవైపోయాయని అనుకుంటున్నాడు.

"చెప్పాలె అక్కా. గిట్లయితె కిందికి దిగొద్దు" అన్నాను.

అక్క నా ఎంగిలి చెయ్యి పట్టుకుంది. "చెప్తె అన్‌ఫిట్ రాస్తరు తమ్మీ. కట్టె తప్ప ఆయనకు వేరే ఎరుకున్నదా? చెవిటోడన్న పేరొస్తె ఆ మనిషి బతుకడు. నువ్వు పక్కపొంటే ఉంటవు గద. నువ్వే ఇను. ఆయన చెవులు నువ్వే."

నేను ఒప్పుకున్నాను. ఆమె పెట్టిన అన్నం తింటూ, అంత పెద్ద మాటకు ఊకొట్టాను. బుద్ధి గడ్డి తిన్నదంటారే, సరిగ్గా అది.

ఆ తర్వాతి ఇరవై రోజులు నేను మనిషిలా లేను. తట్ట ఎత్తుతూ కట్టెల వైపు చెవి పెట్టేవాణ్ని. టబ్బు చక్రాలు కిర్రుమంటే తట్ట కింద పడేసేవాణ్ని. ఇంట్లో పొయ్యిలో పుల్ల చిట్లినా లేచి నిలబడేవాణ్ని. తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. రోజూ పొద్దున గనిలోకి దిగేటప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకునేవాణ్ని. పైకి వచ్చాక, ఈ రోజు ఏమీ కాలేదు కదా, రేపు చూద్దామనుకునేవాణ్ని. నా అంత పిరికివాణ్ని నేనెక్కడా చూడలేదు.

ఆగయ్య విసుక్కునేవాడు. "ఏందిరా ఎల్లేశం, పనంత నా మీదేసి కట్టెలతోని ముచ్చట పెడ్తున్నవు? టింబర్‌మన్ అయితవా ఏంది?" అంటూనే నా వంతు తట్టలు కూడా తనే ఎత్తేవాడు. "సదయ్యన్న కూసున్నడంటె నాకు ఫికర్ లేదురా. నా చెవులు ఇంటికాడ పెట్టొస్త" అనేవాడు.

కట్టె మాట్లాడినప్పుడు మాట్లాడుతోందని నేను అనేవాణ్ని కాదు. అంటే నలుగురిలో బావ పరువు పోతుంది. అందుకని ఒక ఉపాయం పెట్టుకున్నాను. మెల్లగా, ఏమీ తెలియనట్టు, "బావా, గా కట్టె ఓపారి చూడు" అనేవాణ్ని. ఆయన వెళ్లి దీపం వెలుగులో చీలిక చూసి, "బయటికి నడువుండ్రి!" అని కేకేసేవాడు. రెండుసార్లు అలా గండం గడిచింది. రెండోసారి నా భుజం తట్టి, "నీ కండ్లు మంచిగున్నయిరా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బొగ్గు దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకున్నాను.

ఇరవయ్యో రోజు, శనివారం, మొదటి షిఫ్టు ముగిసే వేళయింది. నింపిన టబ్బు తోసి వచ్చి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. లోపల బావా, ఆగయ్యా ఇద్దరే ఉన్నారు. చిట్ అని వినబడింది. మళ్లీ చిట్. తర్వాత ఆగకుండా, పెనంలో పేలాలు వేగినట్టు.

ఆగయ్య తట్ట పట్టుకుని ఆగాడు. "సదయ్యన్నా, కట్టె మాట్లాడుతున్నట్టున్నదే?"

బావ కట్టెకు బిగించడానికి చెక్కుతున్న మేకు పక్కన పెట్టి తలెత్తి విన్నాడు. నిజంగా, శ్రద్ధగా విన్నాడు. ఆయన ముఖం మీద నా దీపం పడింది కాబట్టి చూశాను.

"సప్పుడేం లేదు. నువ్వు తట్టెత్తు" అన్నాడు.

ఆగయ్య మళ్లీ బొగ్గు మీదికి వంగాడు. అతని చెవులు బాగానే ఉన్నాయి. కానీ తన చెవుల కంటే సదయ్యన్న చెవులనే నమ్మాడు.

నేను గొంతు చించుకుని అరవాల్సింది. అరిస్తే ఆగయ్య బతికేవాడు. కానీ ఇరవై రోజుల అలవాటు కదా, నాలుక మీదికి అదే మాట వచ్చింది.

"బావా, గా మూడో కట్టె ఓపారి చూడు."

ఎంత నెమ్మదిగా అన్నానో! ఆగయ్య ముందు బావ పరువు పోకుండా. బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు. దీపం సరిచేసుకున్నాడు. ఒక అడుగు, రెండు, మూడు. అప్పుడు కట్టె పెద్దగా అరిచింది. "ఉరుకుండ్రి!" అని నేనూ అరిచి, బావ నడుము బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. ఆగయ్య రెండడుగులు వేశాడు. ఇంకో నాలుగు వేస్తే చాలు. బండ దిగింది.

దుమ్ము అణిగాక అతని తట్ట ఒక్కటే మా వైపు పడి ఉంది. మనిషిని బయటికి తీసేసరికి మర్నాడైంది.

మూడో రోజు విచారణ జరిపారు. పైనుంచి వచ్చిన ఆఫీసరు, మేనేజరు, పక్కన రాసుకునే గుమాస్తా. బల్ల మీద విరిగిన కట్టె ముక్క పెట్టారు. వరండాలో ఆగయ్య భార్య పోశవ్వ, ఆమె చుట్టూ మావాళ్లు యాభై మంది దాకా ఉన్నారు. పొద్దున బావతో కలిసి వాళ్లింట్లోంచి బయలుదేరేటప్పుడు అక్క నా మొహం చూసి తల దించుకుంది.

"కూలే ముందు కట్టె శబ్దం చేసిందా?" అని ఆఫీసరు బావను అడిగాడు.

"చెయ్యలే సార్." మూడు రోజుల్లో ఆయన గొంతు సగమైపోయింది. "నా చేతులతోని ఏరిన కట్టె. ఆగయ్య అడిగిండు గూడ. నేను చెవి పెట్టి ఇన్న. సప్పుడు లేదు. కట్టె మోసం జేసింది సార్."

మేనేజరు ఆఫీసరు వైపు చూశాడు. "కట్టె కూడా చెప్పకుండానే విరిగితే, ఇక దానికీ ఇనుముకూ తేడా ఏముందండీ? బలమైనదే పెడదాం" అన్నాడు. ఆఫీసరు తలూపి నా వైపు తిరిగాడు. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా. నీకు ఏమైనా వినబడిందా?"

అవునంటే బావ పని అయిపోయినట్టే. కాదంటే గనంతా నోరులేని ఇనుము కింద పనిచేయాలి, అదీ నా అబద్ధం వల్ల. బావ నా వైపు చూడలేదు. ఆయనకు నా మీద అనుమానమే లేదు.

"లేదు సార్" అన్నాను.

గుమాస్తా రాయడం మొదలుపెట్టాడు. బావ బల్ల మీది కట్టె వైపు చూస్తూ, "ఓపారి పట్టుకోవచ్చునా సార్?" అని అడిగాడు. ఆఫీసరు సరేనన్నాడు. బావ ఆ ముక్కను రెండు చేతులతో తీసుకుని, విరిగిన చోట వేళ్లతో తడిమాడు. ఒకసారి తడిమి ఆగాడు. కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ తడిమాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

"సార్, రాసుడు ఆపుండ్రి" అన్నాడు. "మూగకట్టె గిట్ల ఇరగదు. అది పొట్టిగ, కోసినట్టు తెగుతది. గిది చూడుండ్రి, మూరెడు మూరెడు చీలికలు. ఒక్కొక్క పోగు ఒక్కొక్కపారి తెగింది. తెగినప్పుడల్ల..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎల్లేశం. నీకు ఇనబడ్డదా?"

ఆఫీసరుకు అబద్ధం చెప్పాను గానీ, ఆ కట్టె పట్టుకుని నిలబడ్డ మనిషికి చెప్పలేకపోయాను.

"ఇనబడ్డది బావా."

"ఆగయ్యకు?"

"ఇనబడ్డది. గందుకే నిన్నడిగిండు."

బావ కట్టె నుంచి ఒక చీలిక లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. గదిలో అందరికీ వినబడింది. ఆయన ఇంకొకటి లాగి రెండో చెవి దగ్గర విరిచాడు. మా అందరి ముఖాలూ చూశాడు. అప్పుడు కట్టెను, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"కట్టె తప్పు లేదు సార్. గది చెప్పింది. నాకే ఇనబడలే. గట్లనే రాయుండ్రి."

వరండాలో పోశవ్వ మళ్లీ అందుకుంది. 'నా కొడుకుల తండ్రీ' అని రాగం తీసి ఏడుస్తోంది. బావ తల అటు తిప్పాడు. అది ఆయనకు బాగానే వినబడుతోంది.

"నా సంగతి ఎన్నొద్దులసంది ఎరుక నీకు?" అని అడిగాడు, తల ఇటు తిప్పకుండానే.

"ఇరవై రోజులు."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్నేమో.

"నాకు చెప్పకపోతె పాయె" అన్నాడు. "ఆగయ్యకన్న చెప్పకపోతివారా?"