పలకని అద్దెదారు

టైలరమ్మకు పదేళ్ల వయసులో జ్వరమొచ్చి చెవులు పోయాయి. నోరు మాత్రం పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేస్తుంది, తిరిగి నాలుగు తగిలిస్తుంది.

ఆమె ఇంటి ఓనరును అడిగిందల్లా ఒక్క బల్బు. గుమ్మంలో గంట నొక్కితే లోపల కుట్టుమిషను ఎదురుగా వెలిగే బల్బు. బట్టలు తెచ్చినవాళ్లు గంట కొట్టి కొట్టి వెనక్కి పోతున్నారు మరి! ఖర్చు తనదేనంది. సొంత ఖర్చుతో అలాంటి వసతి పెట్టుకుంటానంటే ఓనరు కాదనకూడదని రూలుందని కూడా అంది. అక్కడే వచ్చింది తంటా. అద్దెకున్న మనిషి రూలు చెప్పడమా!

"గోడకు చిల్లు పడుతుంది టైలరమ్మా," అన్నాడు ఓనరు. ఆ గోడకు అప్పటికే ఇరవై మేకులున్నాయి. అన్నీ ఆయన ఆ ఇంట్లో కాపురమున్నప్పుడు కొట్టినవే.

నెల తిరక్కుండా ఇళ్ల తగాదాలు చూసే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆమెను ఖాళీ చేయించమని ఓనరు ఫిర్యాదు. స్వహస్తాలతో రాశాడు: "ఖాళీ చేయమని తలుపు బయట నిలబడి మూడుసార్లు గట్టిగా చెప్పాను. పలకలేదు. మౌనం అర్ధాంగీకారం." వీధంతా విన్నదని సాక్షి సంతకాలు కూడా పెట్టించాడు, మహానుభావుడు!

చదివి టైలరమ్మ పడీపడీ నవ్వింది. ఈ కేసు గెలవడానికి తాను నోరు విప్పనక్కర్లేదనుకుంది.

విచారణ రోజు అందరికంటే ముందే వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుంది. అటెండరుకు తన సంగతి చెప్పి, "నా వంతొస్తే కాస్త చెయ్యి ఊపు బాబూ," అంది. అతను తల ఊపాడు. తల ఊపడానికి ఏం పోయింది? గుమ్మం దగ్గర జనం కిటకిటలాడుతుంటే ఓనరు ఎప్పుడు లోపలికెళ్లాడో ఆమె చూడలేదు. బయటికొస్తుంటే చూసింది. ముప్పై రెండు పళ్లూ కనబడుతున్నాయి. ఒక్క ఉదుటున లోపలికెళ్లింది.

ఆఫీసరు ఫైల్లో తల పెట్టి ఏదో గొణుగుతున్నాడు.

"తలెత్తి మాట్లాడండి సార్. నాకు పెదాలు కనపడాలి."

ఆయన తలెత్తాడు. "మూడుసార్లు పిలిపించాం. మీరు పలకలేదు. ఖాళీ చేయమని రాసేశాం."

"ఎలా పిలిపించారు?"

"గట్టిగానే!"

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, మింగేసింది. ఫైలు తనవైపు తిప్పుకుని మొదటి పేజీ తీసింది. అద్దెదారు వివరాల దగ్గర ఆఫీసువాళ్లే రాసుకున్నారు: వినికిడి లేదు. అక్కడ వేలు పెట్టి చూపించింది.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పొరపాటైంది. ఇది కొట్టేసి వాయిదా వేస్తానమ్మా. వచ్చే నెల రండి, పిలుస్తాం."

"మళ్లీ పిలుస్తారా? దొందూ దొందే! ఆయన తలుపు బయట అరిచాడు, మీరు వరండాలో అరిపించారు. అదేదో ఇప్పుడే తేల్చండి. బల్బు సంగతి కూడా రాయండి. అందాకా కదల్ను," అంటూ ఎదురు కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంది.

ఆఫీసరు లేవమన్నాడు. అటెండరు లేవమన్నాడు. వరండాలో జనం గోల పెట్టారు. ఓనరు పరుగెత్తుకొచ్చి గుమ్మంలోంచి అలవాటు కొద్దీ గట్టిగా అరిచాడు. ఎవరెంత అరిస్తే ఆమెకేం? కళ్లు తెరిస్తే కదా వినబడేది.

పావుగంటకు ఎవరో భుజం తట్టారు. ఎదురుగా కాగితం: ఖాళీ చేయనక్కర్లేదు, బల్బు పెట్టుకోవచ్చు. టైలరమ్మ రెండుసార్లు చదివింది.

"స్టాంపు ఏదీ?" అంది.

మళ్లీ కళ్లు మూసుకుంది.